పదకొండో పేజీ

ఆ సోమవారం ఉదయం మా శాఖాధ్యక్షుల వారు ఎం.ఏ. తరగతిలో "కిటికీ" అనే మాట పలికారు. పలకగానే తరగతిలో సగం మంది లేచి నుంచున్నారు.

ఆయన అప్పుడు ప్రొజెక్టరు తెర వైపు తిరిగి ఉన్నారు. కుర్చీల చప్పుడుకి ఇటు తిరిగి, "కూర్చోండి, కూర్చోండి" అన్నారు. కూర్చున్నారు. కోర్సు పేరు ఇళ్ళ చరిత్ర. పాత ఇళ్ళలోకి వెలుతురు ఎలా వచ్చేదన్నది ఆ రోజు పాఠం. కిటికీ అనకుండా ఆ పాఠం చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆయన మళ్ళీ అన్నారు, వాళ్ళు మళ్ళీ లేచారు. గంట కొట్టేసరికి లేచి కూర్చుని, లేచి కూర్చుని పిల్లలకు మోకాళ్ళు పట్టేశాయి. ఆయన మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుంటూ స్టాఫ్ రూముకి వచ్చి, టీ కప్పు అందుకుని, "ఈ తరాన్ని ఊరికే ఆడిపోసుకుంటాం గానీ, పెద్దవాళ్ళంటే గౌరవం ఇంకా ఉందండీ" అన్నారు.

గది మూలలో ఒకావిడ పెన్సిల్ చెక్కుకుంటోంది. తల ఎత్తలేదు.

"ఉంటుందండీ" అంది.

ఈ కథ ఆవిడది.

పిల్లలు ఆవిడను పేజీ మేడం అంటారు. ఆవిడ ముందు ఏ మాటన్నా "ఏ పేజీ?" అని అడగడం ఆవిడ అలవాటు. జ్వరం వచ్చి రాలేకపోయానని చెప్పిన కుర్రాణ్ణి కూడా పరధ్యానంలో ఏ పేజీ అని అడిగిందట. ఈ అలవాటు వెనక ఒక చిన్న అవమానం ఉంది. తాను చదువుకునే రోజుల్లో క్లాసులో లేచి, ఫలానా రచయిత ఇలా అన్నారని గడగడా చెప్పింది. మాస్టారు ఏ పేజీ అన్నారు. ఆవిడకి అబద్ధం చెప్పడం రాదు. "అట్ట మీదండీ" అంది. క్లాసంతా పడీ పడీ నవ్వింది. ఆ రోజు నుంచీ లోపలికి వెళ్ళకుండా అట్ట చూసి మాట్లాడేవాళ్ళను చూస్తే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఇక మా అధ్యక్షుల వారికి పిల్లలు పెట్టుకున్న పేరు వీపు సారు. తెర మీద ఉన్నది ఆయన తెరకే చదివి వినిపిస్తారు. ఏడాదంతా ఆయన దగ్గర చదివిన పిల్లలు బజారులో ఎదురుపడితే పోల్చుకోలేక వెళ్ళిపోయారనీ, ఆయన దాటిపోయాక వెనక్కి తిరిగి చూసి "అరె, మన సారు!" అనుకున్నారనీ చెప్పుకుంటారు. మనిషి చెడ్డవాడని అనలేం. ఇతరుల కష్టం ఎదురుగా కనిపిస్తే దాన్ని తన చేతుల్లోకి తీసుకుని ఫొటో దిగే స్వభావం, అంతే.

ఇళ్ళ చరిత్ర అనే కోర్సు పేజీ మేడం కట్టింది. ఇటుక ఇటుకా పేర్చి కట్టిందంటే అతిశయోక్తి కాదు. అంతకుముందు పిల్లలు గేటు పక్క షాపులో జిరాక్సు కట్టలు కొనుక్కునేవారు. వాటిలో సగం పేజీలు మబ్బు పట్టిన ఆకాశంలా ఉండేవి. ఇకమీద పాఠాలకు కావలసిన చదువంతా కంప్యూటర్లో పెట్టాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మేమందరం నిట్టూర్చాం. ఆవిడ స్కానర్ కొనుక్కుంది.

సెలవులన్నీ ఇంట్లో భోజనాల బల్ల మీదే గడిచాయి. భర్తకి కళ్ళజోళ్ళ షాపు ఉంది. అక్కణ్ణుంచి మంచి దీపం ఒకటి తెచ్చి బిగించాడు. అత్తగారు టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా చేసి దిగిపోయిన మనిషి. పాత పుస్తకాలు సరిగ్గా పరుచుకోవు కదా, ఆవిడ రెండు చేతులా నొక్కి పట్టుకునేది. కొన్ని పేజీల అంచున ఇప్పటికీ ఆవిడ బొటనవేలు కనిపిస్తుంది. పేజీ మేడం ఆ పుస్తకాలు రాసినవాళ్ళకీ, వాళ్ళు లేకపోతే వాళ్ళ పిల్లలకీ రాసి, ఒక్కొక్కరి దగ్గరా అనుమతి తెచ్చుకుంది. ఒక ముసలి ఇంజనీరు మెట్ల బొమ్మ తలకిందులుగా ఉందని, సరిచేస్తే గానీ ఒప్పుకోనని పేచీ పెట్టాడు. సరిచేసి పంపితే ఇంకా తలకిందులుగానే ఉందన్నాడు. చివరికి ఆయన ఇంటికి వెళ్ళి కూర్చుంటే తేలింది, ఆయన ఫోనునే తలకిందులుగా పట్టుకుంటున్నాడని.

ఇంత చేశాక పిల్లలు చదవలేదు.

ఫైలు తెరిస్తే చాలు, పేరు పక్కన పచ్చ టిక్కు పడుతుంది. పిల్లలు తెరిచి, ఫోను దిండు కింద పెట్టి, వేరే పని చూసుకునేవారు. పచ్చ టిక్కులతో క్లాసు పైరులా కళకళలాడేది. పంట మాత్రం లేదు. ఇంకొకరైతే పరీక్ష పెడతారు, మార్కులు కోస్తారు. పేజీ మేడం వేరే పని చేసింది. ప్రతి రీడింగులోనూ పదకొండో పేజీలో, వ్యాసం మధ్యలో, అదే అక్షరాల్లో ఒక వాక్యం ఇరికించింది. "ఇంతదాకా చదివినవాళ్ళకు: రేపు చేతి గడియారం కుడిచేతికి పెట్టుకుని రండి." అంతే.

"పదకొండే ఎందుకు?" అని అడిగితే, "మొదటి రెండు పేజీలు ఎవరైనా చూస్తారు. ఆఖరి పేజీ గడుసువాళ్ళు చూస్తారు. పదకొండో పేజీకి దారి తప్పి ఎవరూ రారండీ" అంది.

మర్నాడు క్లాసులో ఒకసారి చేతుల వైపు చూసి పాఠం మొదలుపెట్టేది. ఎవర్నీ నిలదీయదు, ఎవర్నీ తిట్టదు. చదవనివాళ్ళకి మాత్రం పక్కింటి పెళ్ళికి తమకొక్కరికే పిలుపు రానట్టు ఉండేది. పైవారానికి వాళ్ళూ చదివి వచ్చేవారు.

అలా కుదురుకున్న కోర్సు మీద అధ్యక్షుల వారి దయ పడింది.

"మేడం, మీరు చాలా శ్రమపడ్డారు. ఇక ఈ బరువు నేను మోస్తాను" అన్నారు స్టాఫ్ మీటింగులో.

"బరువేం లేదండీ."

"ఉందమ్మా, మీకు తెలీదు. బయటినుంచి కమిటీ వస్తోంది. మన డిజిటల్ బోధన చూసి, నచ్చితే అన్ని కాలేజీలకూ ఇదే నమూనా అంటారట. అంత బాధ్యత సీనియర్ భుజాల మీద ఉండాలి. కమిటీ ముందు ఎవరు చెబితే ఈ కోర్సు ఇక వాళ్ళదే. మీకు మొదటి ఏడాది జనరల్ క్లాసు ఇచ్చాం. హాయిగా ఉంటుంది."

ఆ హాయి నేలమాళిగలో, భోజనాల తర్వాత, నీళ్ళ మోటారు పక్క గదిలో ఉంది. మోటారు ఆగినప్పుడు పాఠం వినిపిస్తుంది.

దాన్ని కూడా ఆవిడ మింగేదేమో. సాయంత్రం కోర్సు మొదటి పేజీ తెరిచింది. పెద్ద అక్షరాల్లో, "రూపకల్పన, సేకరణ, కూర్పు" అని ఉండి, కింద అధ్యక్షుల వారి పేరు ఉంది. పేజీ అడుగున, చీమ పాకినట్టు చిన్న అక్షరాల్లో, "టైపింగ్ సాయం" అని ఉండి, ఆవిడ పేరు ఉంది.

మర్నాడు ఆయన ఎదురుపడి, "చూశారా? మీ పేరు కూడా నేనే వేశాను" అన్నారు.

"సరేనండీ" అంది.

అందరికీ కోపం వస్తే గొంతు లేస్తుంది. ఆవిడకి తగ్గుతుంది. ఆ "సరేనండీ" వినడానికి పక్కనున్న మేం ముందుకు వంగాల్సి వచ్చింది. ఇక ఈయన పని అయిందనుకున్నాం.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ బట్టలు ఇస్త్రీ చేస్తూ సంగతి చెప్పింది. అత్తగారు విని, చేతిలో పేపరు పక్కన పడేసింది.

"టైపింగ్ సాయమా? మరి ఆ పేజీల మీద నా వేలుంది కదే, అది కూడా ఆయనదేనంటాడా?"

"అడిగితే అంటాడు అత్తయ్యా."

"ఫైళ్ళు ఎవరి దగ్గరున్నాయి?"

"నా దగ్గరే. ఆయన అట్ట మార్చాడంతే. అట్ట తిప్పితే తెరుచుకునేవన్నీ నావే. అది కూడా ఆయనకి తెలీదు."

"అయితే లైను పీకెయ్! నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎంతమంది వాగుడుకాయల లైన్లు పీకానో."

"పీకితే పిల్లలు ఏం చదువుతారు?"

"పైవాళ్ళకి ఫిర్యాదు చెయ్యి" అన్నాడు భర్త.

"చేస్తే ఏమవుతుంది? పిలిపిస్తారు. ఆయన పొరపాటైందంటాడు. నేను ఫర్వాలేదండీ అనాలి." ఇస్త్రీపెట్టె ఒకేచోట నొక్కిపెట్టింది. "నాకు ఫర్వాలేదండీ అనాలని లేదు."

"మరేం కావాలి?"

"లోపల ఒక్క పేజీ కూడా చదవలేదని పదిమంది ముందూ ఆయన నోటితోనే రావాలి. చూసి నేను హాయిగా నిద్రపోవాలి."

"సరే గానీ, కొంచెం చూసుకో. అది నా చొక్కా, ఆయనది కాదు" అన్నాడు భర్త. అప్పటికే వీపు మీద గోధుమ రంగు త్రికోణం పడింది.

ఆ వారం రీడింగు తెరిచి పదకొండో పేజీలో కొత్త వాక్యం రాసింది. "ఇంతదాకా చదివినవాళ్ళకు: సారు కిటికీ అన్నప్పుడల్లా లేచి నుంచోండి." దాని కింద ఇంకో వాక్యం కూడా రాసింది. "పాఠం చెప్పేవారికి: ఇది చదివితే నాతో ఒక్క మాట అనండి. ఈ ఆట ఇక్కడితో ఆపేస్తాను."

అత్తగారికి ఆ రెండోది నచ్చలేదు. "తప్పించుకునే దారి నువ్వే చూపిస్తావా?"

"దారి లేకుండా కొడితే దొంగదెబ్బ అవుతుంది అత్తయ్యా. దారి ఉండి, దాని ముందునుంచే నడుచుకుంటూ పోయి పడితే..." అని నవ్వింది. ఆ నవ్వు చూసి భర్త షాపు తాళాలు వెతుక్కునే నెపంతో లేచి వెళ్ళాడట.

కిటికీ సంగతి మొదట్లోనే విన్నారు కదా. మరుసటి వారం వంటిళ్ళు. పొయ్యి అన్న మాట రాగానే దగ్గమని రాసి, కింద ఆ రెండో వాక్యం ప్రతి వారంలాగే ఉంచింది. ఈసారి చదివినవాళ్ళు ఇంకా పెరిగారు కాబట్టి క్లాసు గదిలో పెద్ద దగ్గులు మొదలయ్యాయి. అధ్యక్షుల వారు కంగారుపడి, ఫ్యాన్ల మీద దుమ్మని తేల్చి, "ఆ కిటికీలు తెరవండి!" అన్నారు. పాత అలవాటుకొద్దీ ఇద్దరు లేచి నుంచున్నారు. ఆయన ఆ రోజే ఆఫీసుకి వెళ్ళి ఫ్యాన్లు కడిగించే ఏర్పాటు చేశారు. ఆ తర్వాతి వారం గుమ్మాలు. చదివినవాళ్ళు వెనక తలుపులోంచి వెళ్ళాలి. పాఠం అయ్యాక ఆయన ముందు గుమ్మం దగ్గర చిరునవ్వుతో నిలబడ్డారు, ఎవరైనా సందేహాలడిగితే తీరుద్దామని. ఒకే ఒక్క కుర్రాడు బిక్కమొహంతో ఆ దారిన వచ్చి, "నేను చదవలేదు సార్" అని ఏడ్చినంత పని చేశాడు.

"ఫర్వాలేదు నాయనా" అన్నారు ఆయన, దేనికో తెలియకుండానే.

పిల్లలెవరూ నోరు విప్పలేదు. క్లాసులో ఒకమ్మాయి ఉంది, గొంతు కంచులా మోగుతుందని గంట అంటారు. ఆ అమ్మాయికే ఇది దాచుకోవడం కష్టమైంది. వెళ్ళి పేజీ మేడంతో, "మేడం, సారుకి చెప్పెయ్యమంటారా? జాలేస్తోంది" అంది.

"చెప్పమ్మా. అయితే ఏ పేజీలో ఉందో మాత్రం ఆయన్నే వెతుక్కోమను."

గంట నిజంగానే వెళ్ళింది. "సార్, రీడింగు ఒకసారి చూడండి సార్, అందులో మీకో మాటుంది" అంది. ఆయన భుజం తట్టి, "నేను తయారుచేసిందాన్ని నన్నే చూడమంటావా తల్లీ?" అన్నారు. గంట తిరిగొచ్చి జాలి మానేసింది.

వారాలు గడిచేకొద్దీ చదవనివాళ్ళు మిగల్లేదు. వెనక బెంచీ కుర్రాళ్ళు సైతం క్యాంటీన్లో కూర్చుని మట్టిగోడల మందం గురించి వాదించుకోసాగారు. అది చూసి అధ్యక్షుల వారు స్టాఫ్ రూములో కాళ్ళు చాపుకుని, "నా చేతికొచ్చాక పిల్లలు చదువుతున్నారండీ. చెప్పే మనిషి మారితే ఆ తేడా ఉంటుంది" అన్నారు.

మూలలో పెన్సిల్ ముక్కు టప్పున విరిగింది.

కమిటీ వచ్చే వారం రీడింగు ఇల్లు కట్టే పనివాళ్ళ గురించి. కమిటీవాళ్ళకు ముందే పంపించారని మాకందరికీ తెలుసు. అధ్యక్షుల వారు కొత్త కోటు కుట్టించుకున్నారు. పేజీ మేడం రెండు పెన్సిళ్ళు చెక్కుకుంది.

ఆ మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఆయన క్లాసులోకి వెళ్ళి చూస్తే, పిల్లలందరికీ చెవుల మీద పెన్సిళ్ళున్నాయి. వడ్రంగులు పెట్టుకుంటారే, అలా.

"ఏంటిది? తియ్యండి, తియ్యండి! వాళ్ళొచ్చేస్తున్నారు!"

"తియ్యకూడదు సార్" అంది గంట.

"ఎందుకు తియ్యకూడదు?"

"చదివాం కద సార్."

దీనికి అర్థం ఆలోచించే తీరిక లేకపోయింది. తలుపు తెరుచుకుంది. ముందు చేతికర్రతో ఒక పెద్దావిడ వచ్చింది. కమిటీకి ఆవిడే పెద్ద. నెరిసిన జుట్టులోంచి పసుపుపచ్చ పెన్సిల్ చెవి మీద నిక్కి చూస్తోంది. వెనక ఇద్దరు సభ్యులు, వాళ్ళకీ అంతే. ఒకాయన కళ్ళజోడు కాడకి, పెన్సిల్‌కి చోటు సరిపోక ఒక చేత్తో పట్టుకుని మరీ నడుస్తున్నాడు. గోడ పక్కన నిలబడ్డ మిగతా శాఖవాళ్ళం ఒకరి మొహాలొకరం చూసుకుని, అందరం ఒకేసారి చెవులు గోక్కున్నాం.

పెద్దావిడ క్లాసంతా కలయజూసింది. ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వుతోనే అధ్యక్షుల వారి కుడి చెవి చూసింది. తర్వాత కొంచెం వంగి ఎడమ చెవి చూసింది.

"మీ పెన్సిలేదండీ?"

"పెన్సిలా మేడం? నేను... నేను పెన్ను వాడతానండీ."

"ఈ రీడింగులు మీరే తయారుచేశారు కదూ?"

"ప్రతి అక్షరం నేనేనండీ. ఈ చేతులతోనే."

"భేష్. ఈ పేజీ అంచున వేలు కూడా మీదేనా?" అని తన ట్యాబ్ చూపించింది. ముడతలు పడ్డ సన్నటి ఆడ బొటనవేలు. ఆయన దానివైపు చూసి, తన బొటనవేలు చూసుకుని, చెయ్యి కోటు జేబులో పెట్టుకున్నారు.

"పదకొండో పేజీలో ఏం రాశారో ఒక్కసారి చెబుతారా?"

కింద మోటారు హోరు వినిపించింది. ఆయన తెర వైపు తిరిగారు. తెర ఖాళీగా ఉంది.

"అంటే మేడం... పదకొండంటే... మొత్తంగా సారాంశం చెప్పమంటే చెబుతాను గానీ... ఆ పేజీ ఇంకా... చూడలేదండీ."

వచ్చింది. పదిమంది ముందూ, ఆయన నోటితోనే.

"టైపింగ్ సాయం చేసినావిడ ఎక్కడున్నారు?" అంది పెద్దావిడ.

గంట పరిగెత్తింది. పేజీ మేడం చేతులకి సుద్దముక్క పొడితో మెట్లెక్కి వచ్చింది. చెవి మీద పెన్సిల్ ఉంది. ఆ గుమ్మంలో ఆవిణ్ణి చూసి పిల్లలు లేచి నుంచున్నారు, ఈసారి ఎవరూ కిటికీ అనకుండానే.

"పదకొండో పేజీ నేను రాశానండీ. వేలు మా అత్తగారిది" అంది.

"ఆ రెండో వాక్యం కూడా చదివామమ్మా. ఆయన మీతో ఒక్క మాట అన్నారా?"

పేజీ మేడం అధ్యక్షుల వారి వైపు ప్రశాంతంగా చూసింది.

"ఇంకా లేదండీ."

కమిటీ వెళ్ళాక వరండాలో ఆయన ఆవిణ్ణి పట్టుకుని, "ఇంత జరుగుతుంటే నా చెవిన వెయ్యొద్దా అమ్మా?" అన్నారు. "వారం వారం వేశానండీ" అని ఆవిడ మెట్లు దిగి, సగంలో ఆపిన పాఠం దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రోజు ఇంటికి వెళ్తూ భర్తకి కొత్త చొక్కా కొనిపెట్టింది. అత్తగారు జరిగినదంతా మూడుసార్లు చెప్పించుకుని, "చెయ్యి జేబులో పెట్టుకున్నాడా?" అని మధ్య మధ్యలో అడిగి మరీ నవ్విందట.

కోర్సు ఆవిడదైంది. అన్ని కాలేజీలకూ అదే నమూనా అయింది. ఇంకేమైనా కావాలా అని పైనుంచి అడిగితే, ఒక్కటే అడిగింది. నేలమాళిగలో జనరల్ క్లాసు ఖాళీ అయింది కదా, దానికి సీనియర్ భుజాలు కావాలంది. మేమెవరమైనా అక్కడితో వదిలేసేవాళ్ళం. ఆవిడ వదల్లేదు. కొత్త ఏడాది మొదటి పేజీ తనే కూర్చింది. పైన తన పేరు. దాని కింద, "పుస్తకం నొక్కి పట్టుకున్నవారు" అని అత్తగారి పేరు. పేజీ అడుగున చీమల బారు అలాగే ఉంది. అందులో పేరొక్కటే మారింది.

ఈసారి మాత్రం అధ్యక్షుల వారు పేజీ అడుగుదాకా చదివారు. నేలమాళిగ నుంచి ఆయాసపడుతూ మెట్లెక్కి, మోటారు హోరు ఇంకా చెవుల్లో ఉండగానే స్టాఫ్ రూముకి వచ్చారు. మూలలో ఆవిడ పెన్సిల్ చెక్కుకుంటోంది.

"ఏంటమ్మా ఇది? టైపింగ్ సాయం అని నా పేరు వేశావు! ఈ కోర్సులో నేనేం టైపు చేశాను?"

ఆవిడ పెన్సిల్ పొట్టు ఊది, తల ఎత్తి, మెల్లగా అంది.

"మీ పేరు చేశారు కదండీ."